తోడుతీగ

కనిగిరి పొలిమేర దాటి పొదిలి రోడ్డు ఎక్కగానే బండి దానంతటదే నిండడం మొదలుపెట్టింది. నింపుబాట మీదికి వచ్చిన ఏ బండి సంగతైనా అంతే. తారు కింద పరిచిన రాగిచుట్టలు పైన పోయే బండిలోకి కరెంటు ఎక్కిస్తూనే ఉంటాయి. ఆగక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. పెద్ద రోడ్లన్నీ ఇలా మారిపోయి ఒక తరం గడిచింది. బండి ఖాళీ అవడమంటే ఏమిటో ఈ కాలపు పిల్లలకు తెలియనే తెలియదు. ఇళ్ళ ముందు కూడా నిలుపుపలకలు వచ్చేశాయి. వాటి మీద బండి పెడితే చాలు, అది తాగాల్సింది తాగేస్తుంది.

ఇంత సుఖంలో కూర్చుని కూడా డాక్టర్ జోషిత రుసరుసలాడుతూనే ఉంది. ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని, పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్న తమ్ముణ్ణి మాటిమాటికీ చూస్తోంది. బండి నడపాల్సిన పని మనుషులకు ఎప్పుడో తప్పిపోయింది కాబట్టి ఆమెకు తమ్ముణ్ణి సాధించడానికి కావలసినంత తీరిక దొరికింది.

"ఒరేయ్ లోహితూ, నిద్రపోతన్నావా?"

"లేదక్కా."

"అక్కడ ఏం చెప్పాలో గుర్తుందా?"

"ఎన్నిసార్లు అడుగుతావే? ఉంది."

"ఉంటే ఒకసారి నాకు చెప్పు."

లోహిత్ కళ్ళు తెరిచి కిటికీలోంచి బయటికి చూశాడు. "అక్కడే చెప్తాగా," అన్నాడు.

జోషిత కనిగిరిలో పళ్ళ డాక్టరు. ఊళ్ళో సగం మంది ఆమె ఎదుట నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్ళే. ఎదుటివాళ్ళు జవాబు చెప్పలేని స్థితిలో గడగడా మాట్లాడేయడం ఆమెకు బాగా చేతనైన విద్య. అలాంటి మనిషి ఈ రోజు మండలి ముందు మాట్లాడాలంటే బెదిరిపోతోంది. అందుకే తమ్ముణ్ణి తోడు తెచ్చుకుంది. లోహిత్ నెల్లూరు దగ్గర కార్ల కంపెనీలో ఇంజనీరు. బండ్లు తయారుచేసేవాడే లేచి నిలబడి తీగ ఉండాలని చెబితే ఇక కాదనేదెవరు? అది ఆమె ధీమా.

ఒంగోలులో ఆ రోజు వాహన మండలి విచారణ ఉంది. కొత్తగా అమ్మే ప్రతి కరెంటు బండితో పాటు తోడుతీగ కూడా ఇవ్వాలా, అక్కర్లేదా? ఇదే విషయం. ఇంతకాలం ఇవ్వాలనే నియమం ఉంది. దాన్ని ఎత్తేయమని కంపెనీలు అడిగాయి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకోవచ్చన్నారు. అన్నదే తడవుగా జోషిత తన పేరు ఇచ్చేసింది.

బయటి ప్రాంతాల వాళ్ళకు ఈ తీగ గోలేమిటో అర్థం కాదు. చెప్పాలి. నింపుబాటలు రాకముందు, కరెంటు బండ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, ప్రతి బండి డిక్కీలోనూ చుట్ట చుట్టిన తీగ ఒకటి పెట్టి ఇచ్చేవారు. ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, ఏ ఇంటి ప్లగ్గుకైనా తగిలించుకోవచ్చు. దాన్నే జనం తోడుతీగ అన్నారు. అప్పట్లో ఈ మెట్ట సీమలో ఊరికీ ఊరికీ దూరం ఎక్కువ, బండి నింపే చోట్లు తక్కువ. చుట్టపుచూపుగా వచ్చినవాడి బండి తిరిగి పోవాలంటే ఆ ఇంటి కరెంటు తెల్లవార్లూ తాగాల్సిందే. అందుకని వచ్చినవాడు తీగ భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడేవాడు. ఇంటివాళ్ళు ఎదురెళ్ళి రెండు చేతులతో ఆ తీగ అందుకుని గడప పక్కనున్న ప్లగ్గులో పెట్టేవాళ్ళు. పెట్టారంటే ఈ పూట నీ అన్నం ఇక్కడ, నీ పడక ఇక్కడ అని అర్థం.

తర్వాత బాటలు మారాయి, బండ్లు మారాయి, పద్ధతి మాత్రం మారలేదు. బండి నిండుగా ఉన్నా సరే, చుట్టం తీగ భుజాన వేసుకునే దిగుతాడు. ఇంటివాళ్ళు అందుకుని ప్లగ్గులో పెడతారు. చుక్క కరెంటు పారదు. పారాలని ఎవరూ అనుకోరు. తీగ పుచ్చుకున్నారంటే పెళ్ళి సంబంధం ఖాయమైనట్టు. తీగ డిక్కీలోనే ఉంచి దిగినవాడు ఒక మాట చెప్పి పోయేవాడు, అతనికి మజ్జిగతో సరి. బయల్దేరాలనుకున్న చుట్టం తీగ వైపు ఓసారి చూస్తాడు. "అప్పుడేనా?" అంటారు ఇంటివాళ్ళు. అలా మూడోసారి చూసిన తర్వాతే తీస్తారు. అడగకుండానే తీసి చేతికిచ్చారంటే ఇక ఆ గుమ్మం తొక్కొద్దని చెప్పినట్టు. ఇంత ఉంది ఇందులో. ఇక "ఉంటావా?" అని అడగడం, "ఉంటాను" అని చెప్పడం ఈ ప్రాంతంలో మర్యాద తెలియనివాళ్ళు చేసే పని.

లోహిత్ కూడా నిన్న సాయంత్రం తీగ భుజాన వేసుకునే వచ్చాడు. జోషిత అందుకుని ప్లగ్గులో పెట్టింది. అతని బండి ఇంకా వాళ్ళ గుమ్మం ముందే ఉంది. సాయంత్రం ఇద్దరూ తిరిగి వెళ్ళి, రాత్రికి చేపల పులుసు తిని, పొద్దున అతను నెల్లూరు పోవాలని అనుకున్నారు. అంటే ఆమె అనుకుంది.

అసలు ఆమెకు ఈ తీగ కావాల్సింది బండి కోసం కాదు, తమ్ముడి కోసం. ఆరేళ్ళ కిందట లోహిత్ నెల్లూరులో పెళ్ళి చేసుకున్నాడు. చేసుకున్నాక ఫోన్‌లో చెప్పాడు. ఒక్కగానొక్క అక్కకి పెళ్ళయ్యాక చెబుతాడా! జోషిత ఫోన్ పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. అతనూ తక్కువ తిన్నవాడు కాదు, చేయలేదు. అలా మూడేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె ఆసుపత్రి నుంచి భోజనానికి వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, తీగ భుజాన వేసుకుని. చిక్కిపోయాడు. ఆమె చూసింది. అతను నేల వైపు చూశాడు. ఆమె దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో తీగ అందుకుంది. అంతే. ఎవరూ క్షమించమనలేదు, ఎవరూ క్షమించాననలేదు. లోపలికి వెళ్ళి పప్పుచారు వేడిచేసింది. అతను తింటూ తింటూ కళ్ళు తుడుచుకుంటే కారం ఎక్కువైందేమో అని మాట మార్చింది. ఆ రోజు సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తుకోలేదు.

అదే ఈ రోజు మండలి ముందు చెప్పమంది తమ్ముణ్ణి. "నేను చెబితే ఏడుస్తానురా. నువ్వు చెప్పు. ఆ తీగే లేకపోతే మనం ఈ జన్మకి కలిసేవాళ్ళం కాదని చెప్పు."

"చెప్తానక్కా," అన్నాడు లోహిత్. ఆ మాట నిన్న రాత్రీ అన్నాడు, పొద్దున కాఫీ తాగుతూ కూడా అన్నాడు. చీమకుర్తి దాటాక ఆమె క్యారియర్ విప్పి పులిహోర పెడితే తిన్నాడు. ఇంకాస్త పెట్టించుకున్నాడు కూడా.

మండలి గది పెద్దదేమీ కాదు. ఎదురుగా బల్ల వెనక అధ్యక్షుడు కూర్చున్నాడు. సన్నటి మనిషి, ఓపికస్థుడు. ముందుగా కంపెనీల తరఫున ఒకావిడ లేచి మాట్లాడింది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పుపట్టడానికేమీ లేదు, అదే జోషితకు ఒళ్ళు మండించింది. ప్రతి తీగలోనూ బోలెడంత రాగి ఉంది. రాగి ఇప్పుడు బంగారంలా చూసుకోవాల్సిన లోహం. దేశంలో తిరిగే బండ్లన్నీ తమ సంగతులు తామే కంపెనీలకు చెబుతాయి. వాటిని బట్టి చూస్తే తీగను జనం తరచుగా ప్లగ్గులో పెడుతున్నారు, నిజమే. కానీ పదింట తొమ్మిదిసార్లు అందులో కరెంటు పారడం లేదు.

"పాపం జనానికి అలవాటు పోలేదు," అందావిడ నవ్వుతూ. "కరెంటు పారని తీగను రాగితో చేయడం ఎందుకండీ? కొండల్లో, నింపుబాటలు లేని చోట్ల ఉండేవాళ్ళకు కావాలంటే విడిగా కొనుక్కోవచ్చు. మేం అమ్మం అనడం లేదు."

జోషిత వంతు వచ్చింది. లేచింది. ఎలాగో తీగ అందుకునే పద్ధతి అంతా చెప్పింది. అధ్యక్షుడు శ్రద్ధగా విన్నాడు.

"అంటే డాక్టరుగారూ, బండి నిండుగా ఉన్నా ప్లగ్గులో పెడతారా?"

"పెడతామండీ."

"కరెంటు కోసం కానప్పుడు మరి దేనికోసం?"

"మనిషి కోసమండీ," అంది జోషిత. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు చెవులు వేడెక్కాయి. "నవ్వుతారేందండీ? విడిగా కొనుక్కోమంటన్నారు ఆవిడ. అక్కడే ఉంది తిరకాసంతా. తీగ అందరి బండ్లతోనూ వస్తే, దాన్ని మోసుకొచ్చిన మనిషి ఏమీ అడిగినట్టు కాదు. బండితో వచ్చింది, తెచ్చాడు, అంతే. అదే కొనుక్కుని తెచ్చాడనుకోండి, నన్ను ఉంచుకోండి అని దేబిరించడానికి ముందే సిద్ధమై వచ్చినట్టుంటది. అట్టా ఎవరొస్తారండీ? పౌరుషం ఉన్నవాడు రాడు. అందుకే బండితోనే రావాలంటన్నాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అధ్యక్షుడు తలాడించాడు. కంపెనీ ఆవిడ మొహం కొంచెం ముడుచుకుంది. జోషిత కూర్చుని, గెలిచానన్నంత సంతోషంతో తమ్ముడి మోచేతిని పొడిచింది. "ఇంక నువ్వు చెప్పు," అంది.

కానీ లోహిత్‌ను పిలిచింది ఆమె తరఫున కాదు. కంపెనీ ఆవిడే లేచి, "మా డిజైన్ విభాగం నుంచి లోహిత్‌గారు మాట్లాడతారు," అంది. గోడ మీది తెర వెలిగింది. తీగ లేని కొత్త బండి బొమ్మ వచ్చింది. తీగ ఉండాల్సిన చోట డిక్కీ చదునుగా, నున్నగా ఉంది. కింద రూపకర్త పేరు ఉంది. అది లోహిత్ పేరు.

జోషిత చదివింది. మళ్ళీ చదివింది. పొరపాటున వేరే లోహిత్ అయి ఉంటాడేమో అని కూడా ఒక క్షణం ఆశపడింది, ఇంటిపేరు కనబడుతూనే ఉన్నా. ఈలోగా తమ్ముడు లేచి ముందుకు వెళ్ళిపోయాడు. ఆమె వైపు చూడలేదు. రాగి లెక్క చెప్పాడు, బరువు లెక్క చెప్పాడు. గొంతు తొణకలేదు.

అధ్యక్షుడు ఓపికస్థుడని చెప్పాను కదా. వదల్లేదు. "ఇందాక డాక్టరుగారు చెప్పిన ఆచారం మాటేమిటి? మీదీ ఆ ప్రాంతమే అనుకుంటా."

"ఆమె మా అక్కేనండీ," అన్నాడు లోహిత్. గదిలో చిన్న కలకలం. "ఆచారం ఉంది. లేదనను. కానీ అది ఉత్త అలవాటండీ. నేనూ పెడతాను మా అక్క వాళ్ళింట్లో. ఒకసారి మూడేళ్ళు మాటల్లేవు మా ఇద్దరికీ. ఆ తర్వాత వెళ్ళినప్పుడు కూడా పెట్టాను. అప్పుడూ బండి నిండుగానే ఉంది. తీగ వల్ల కలవలేదండీ మేము. అక్కాతమ్ముళ్ళం కాబట్టి కలిశాం. తీగ లేకపోయినా వెళ్ళేవాణ్ణే."

జోషితకు తను ఎప్పుడు లేచి నిలబడిందో తెలియదు. "లేకపోయినా వచ్చేవాడివా? ఏమని వచ్చేవాడివిరా? ఏం మొహం పెట్టుకుని వచ్చేవాడివి?" అంటోంది. కూర్చోమన్నారు. పక్కనున్న ఎవరో చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

ఏ సంగతినైతే తనకు తాను కూడా పైకి చెప్పుకోలేదో, దాన్ని నలుగురిలో పెట్టి, అలవాటు అనేశాడు. పళ్ళు తోముకోవడం అలవాటు. ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం అలవాటు. మూడేళ్ళు చచ్చిపోయినట్టు బతికి, ఆ మధ్యాహ్నం మళ్ళీ ఊపిరి పీల్చుకుంటే అది అలవాటా?  తీగ పోతుందన్న సంగతే ఆ నిమిషంలో గుర్తు లేదు. వీడు నా తమ్ముడు, నన్ను ఇంత మాట అన్నాడు, అదే తిరుగుతోంది తలలో.

బయట వరండాలో పట్టుకుంది.

"ఆ డిజైన్ ఎప్పుడు చేశావు?"

"అక్కా, ఇక్కడొద్దు."

"ఎప్పుడు చేశావురా?"

"పోయినేడాది."

"పోయినేడాది! మరి నిన్న సాయంత్రం తీగ తెచ్చి నా చేతిలో ఎట్టా పెట్టావు? నా ఇంట్లో ఎట్టా పడుకున్నావు? నా పులిహోర ఎట్టా దిగింది నీ గొంతులో?"

లోహిత్ తల దించుకున్నాడు. "నేను చెప్పినదాంట్లో అబద్ధం ఏముందక్కా? నిజంగానే వచ్చేవాణ్ణి."

"నిన్ననే చెప్పొచ్చుగా నాకు! ఇట్టా నేనే చేశాను, ఇట్టా చెప్పబోతన్నాను అని."

"చెబితే నువ్వు తీగ అందుకునేదానివి కాదుగా," అన్నాడు.

 నిజమే, అందుకునేది కాదు. తన నోటితోనే వాడు తీగ ఎందుకో ఒప్పుకున్నాడు, కానీ ఒప్పుకోవాల్సిన చోట ఒప్పుకోలేదు. ఆమె వెనక్కి తిరిగి మెట్లు దిగింది. వెనక కంపెనీవాళ్ళు అతన్ని పిలుస్తున్నారు. తను ఆగుతుందేమోనని వాడు చూశాడో, వాడు వస్తాడేమోనని తను చూసిందో, మొత్తానికి ఇద్దరూ కలిసి రాలేదు.

ఆమె ఒక్కతే ఇంటికొచ్చేసరికి భర్త సాకేత్ గుమ్మంలో ఉన్నాడు. లోహిత్ బండి దీపాలు మినుకుమినుకుమంటున్నాయి.

"ఇందాకటి నుంచి అట్టానే కొట్టుకుంటందది. మీ తమ్ముడేడి?" అన్నాడు.

సంగతి జోషితకు అర్థమైంది. లోహిత్ నెల్లూరు పోయే దారిలోంచే బండిని పిలిచాడు. యజమాని పిలిస్తే బండి తనంతట తాను బయల్దేరి వెళ్ళాలి. కానీ తీగ ప్లగ్గులో ఉన్నంతసేపు బండి కదలదు. ఎవరో ఒకరు తీయాలి. అతను తీగ వైపు మూడుసార్లు చూడలేదు, ఒకసారీ చూడలేదు. ఊరికి తిరిగి రానైనా రాకుండా, పొలిమేర అవతల నుంచే బండిని రమ్మన్నాడు. సెలవు తీసుకోకుండా పోవడం అంటారు దీన్ని. ఈ ప్రాంతంలో శత్రువు కూడా అలా పోడు.

"నేను తీస్తాలే," అన్నాడు సాకేత్.

"వద్దు. నేనే పెట్టాను, నేనే తీస్తా."

తీసింది.  ఎలాగో చుట్టి డిక్కీలో పడేసింది. బండి చప్పుడు లేకుండా గేటు దాటి రోడ్డెక్కింది. నెల్లూరు పోతున్న లోహిత్‌కు, అక్క తన చేత్తో తీగ తీసేసిందన్న వార్త ఆ క్షణానే చేరి ఉంటుంది. బండి చెబుతుంది మరి. ఎవరు తీశారో కూడా చెబుతుంది. ఎందుకు తీశారో మాత్రం దానికేం తెలుసు?

ఆ రాత్రి చేపల పులుసు సాకేత్ ఒక్కడే తిన్నాడు. నాలుగు రోజుల్లో మండలి ఉత్తర్వు వచ్చింది. కొత్త బండ్లతో తీగ ఇవ్వనక్కర్లేదు. పాత తీగలు తెచ్చి ఇచ్చినవాళ్ళకు రాగి విలువ కట్టిస్తారు.

ఆ తర్వాత ఏడాది కనిగిరి చుట్టుపక్కల ఇళ్ళ ముందు జరిగిన తమాషా చూసి తీరాలి. చుట్టం దిగుతాడు. భుజం ఖాళీ. ఇంటావిడ ఎదురొస్తుంది. చేతులు చాచాలో లేదో తెలియదు. ఇద్దరూ వర్షం గురించి మాట్లాడుకుంటారు. ఉంటాడో పోతాడో ఆమెకు తెలియదు, ఉంచుకుంటారో లేదో అతనికి తెలియదు. పోనీ అడుగుదామంటే, అన్నానికి ఉంటారా అని అడిగితే పొమ్మని సూచించినట్టు. ఉంటాను అని తనే అంటే ఎగబడినట్టు. కొంతమంది తీగ బదులు సంచీ భుజాన వేసుకుని దిగి చూశారు. మంచినీళ్ళ సీసా చేతికివ్వబోయాడొకాయన. అవేవీ అతకలేదు. జనం మజ్జిగ తాగి వెళ్ళిపోవడం నేర్చుకున్నారు. బండ్లు నిండుగా ఉంటాయి, ఆగే పనేముంది? రెండు మూడు సంబంధాలు గేటు దగ్గరే చెడిపోయాయి. రాగి డబ్బుకు ఇచ్చేయకుండా పాత తీగలు ఉంచుకున్నవాళ్ళు వాటిని దాచుకున్నారు గానీ, కొత్త బండ్ల కన్నంలో అవి పట్టవు; విడిగా కొత్త తీగ కొనుక్కుని రావడానికి ఎవరికీ పౌరుషం ఒప్పుకోలేదు.

జోషిత ఈ సంగతులన్నీ తన ఆసుపత్రి కుర్చీలో కూర్చున్నవాళ్ళ దగ్గర వింటూ, "అనుభవించండి. ఉత్త అలవాటేగా," అనేది. ఎవరిని అంటోందో వాళ్ళకు తెలియదు. లోహిత్ ఫోన్ చేయలేదు. ఆమె కూడా చేయలేదు. కోపం తగ్గలేదని అందరికీ చెప్పుకునేది. తగ్గింది. ఎప్పుడో తగ్గింది. వాడు తీగ వేసుకుని గేటు దగ్గర నిలబడితే అందుకుంటానా లేదా అని ఒక్కోసారి పనిలో ఉండగానే ఆలోచించేది. అందుకుంటాను, ఇంకేం చేస్తాను అనుకునేది.

ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, గేటు ముందు కొత్త బండి ఆగింది. లోహిత్ దిగాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. గేటు అవతలే నిలబడ్డాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒకసారి వెనక పెట్టుకున్నాడు, ఒకసారి జేబుల్లో పెట్టుకున్నాడు.

జోషిత గుమ్మంలోకి వచ్చింది.  లోపల సాకేత్ కోసం వంకాయ కూర పొయ్యి మీద ఉంది, అందులో ఇంకొకరికి సరిపడా ఉంది. వచ్చాడు, నా తమ్ముడు వచ్చాడు అనుకుంటూనే గేటు దాకా నడిచింది. అక్కడికి వెళ్ళాక ఆగిపోయింది. అందుకోవడానికేమీ లేదు.

"ఏందిరా?" అంది. ఆ మాట తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"ఏం లేదక్కా. ఇట్టా పోతా పోతా, చూసి పోదామని."

పోదామని అన్నాడు. నెల్లూరు నుంచి ఇటు పోతా పోతా తగిలే ఊరు కాదు కనిగిరి. పనిగట్టుకుని వచ్చినవాడే. ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. అయినా ఆమె చెవిలో పోవడమనే మాటే పడింది. ఆ రోజు బండిని పొలిమేర అవతల నుంచి పిలిపించుకున్నవాడు, ఈ రోజు కూడా పోవడం గురించే మాట్లాడుతున్నాడు.

"బాగున్నావా?"

"బాగున్నా. బావ బాగున్నాడా?"

"బాగానే ఉన్నాడు."

 లోహిత్ గడప పక్కనున్న ప్లగ్గు వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె కూడా అప్పుడే ఏదో చెప్పబోయింది. ఇద్దరూ ఒకేసారి ఆగారు.

అప్పుడు బండి మాట్లాడింది. కొత్త బండ్లు మాట్లాడతాయి. మంచి ఆడగొంతు, స్పష్టమైన తెలుగు. "మీ బండి నిండుగా ఉంది. ఇక్కడ ఆగవలసిన అవసరం లేదు," అంది.

లోహిత్ సిగ్గుపడినట్టు నవ్వాడు. "దీనికి ఈ మాటలు మేమే పెట్టాం," అన్నాడు. అక్క కూడా నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె నవ్వలేదు. నవ్వితే ఏడుపు వచ్చేలా ఉంది.

"సరే మరి," అంది జోషిత. సరే, లోపలికి రా అనబోయింది. లోపలికి రా అనే ముక్క నోట్లోనే ఉండిపోయింది. పుట్టిన దగ్గర నుంచి ఎవరినీ ఆ మాటతో పిలవలేదు ఆమె. ఎలా పలకాలో తెలియలేదు. బతిమాలినట్టు రావాలా, మామూలుగా రావాలా? ఆలోచించుకునేలోపే సరే మరి అన్న మాట గాల్లో ఒంటరిగా నిలబడిపోయింది.

లోహిత్ మొహంలో రంగు మారింది. "సరే అక్కా," అన్నాడు. "వస్తా."

బండి ఎక్కాడు. తలుపు వేసుకున్నాడు. అద్దంలోంచి ఆమె వైపు చూశాడు. ఆమె గేటు పట్టుకుని నిలబడే ఉంది. బండి కదిలింది.

సాకేత్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "ఎవరొచ్చింది?"

"లోహితు."

"లోహితా? ఏడీ? ఇంతదూరం వస్తే ఉండమన్లా?"

"వాడు ఉంటాననలా."

"నువ్వు ఉండమంటే ఉండకపోయేవాడా?"

జోషిత మొగుడి మొహంలోకి చూసింది. తర్వాత రోడ్డు వైపు చూసింది. బండి అప్పటికే మలుపు తిరిగింది. ఫోన్ తీసి, ఏడాది తర్వాత తమ్ముడి పేరు మీద వేలు పెట్టింది. మొదటి మోతకే ఎత్తాడు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టున్నాడు.

"అక్కా! చెప్పక్కా."

వెనక్కి తిప్పమంటే తిప్పుతాడు. ఆ గొంతులోనే తెలుస్తోంది. ఇంకా ఊరు కూడా దాటి ఉండడు. ఆమె నోరు తెరిచింది. సాకేత్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. కూర అడుగంటుతున్న వాసన వస్తోంది.

"అక్కా? ఉన్నావా?"

"ఆఁ, ఉన్నా," అంది జోషిత. "ఏం లేదు. చేరినాక ఒకసారి చెప్పు."



"సరే అక్కా," అన్నాడు లోహిత్. "చెప్తా."